నలభై ఒకటో ప్లేటు

ఆ ల్యాబులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. గేటు దగ్గర కాపలా మనిషి నుంచి పై అంతస్తులో కూర్చునే సెక్షన్ పెద్దాయన దాకా అందరికీ ఆమె మసి మేడం. మొదట్లో ఎవరో వేళాకోళానికి పెట్టిన పేరే. పదిహేడేళ్ళలో అదే ముదిరి హోదా అయి కూర్చుంది.

పని అలాంటిది మరి. అక్కడ తయారుచేసేది జెట్ ఇంజన్లలో పోసే నూనె. ఇంజన్ నడిమధ్య మంటకు జానెడు దూరంలో బేరింగులు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంటాయి. భూమిలోంచి తీసిన మామూలు నూనె అక్కడి వేడికి మాడి అడుగంటుతుంది. అడుగంటిన మసి సన్నటి గొట్టాల్లో అడ్డం పడిందంటే బేరింగుకు నూనె అందదు. అందుకని కెమిస్టులు ఆల్కహాలునూ ఆమ్లాలనూ కలిపి కాచి కొత్త నూనెలు పుట్టిస్తారు, అవి మాడకుండా చిటికెడు చిటికెడు మందులు కలుపుతారు.

ఆ నూనె నిలుస్తుందో మాడుతుందో తేల్చేది మసి మేడం. రిగ్గు అనే పరీక్ష యంత్రంలో అరచేయంత ఉక్కు ప్లేటును మూడొందల ఇరవై డిగ్రీలకు వేడెక్కించి, దాని మీద ఆరు గంటలపాటు నూనెను ఆగి ఆగి చిమ్మించాలి. చల్లారాక ప్లేటు తీసి, కడిగి, తూచి, తెల్ల దీపం కింద పెట్టి మార్కు వేయాలి. సున్నా అంటే అద్దంలా ఉన్నట్టు, పది అంటే బొగ్గయినట్టు. మూడు లోపు వస్తే నూనె తర్వాతి పరీక్షకు పోతుంది. మూడు దాటితే ఆ సీసా అటకెక్కినట్టే. మసి ఎంతుందో త్రాసు చెబుతుంది గానీ, ఆ పొర లక్కలా అంటుకుందా, పెచ్చులుగా లేచి గొట్టంలో పడుతుందా అన్నది కన్నే చెప్పాలి. ఒకప్పుడు ఇంకో పెద్దమనిషి కూడా ఉండేవాడు. ఇద్దరూ విడివిడిగా మార్కులు వేసి సరిచూసుకునేవారు. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలో మరొకరిని వేయలేదు. "మసి మేడం ఉండగా రెండో కన్నెందుకు?" అన్నాడు పెద్దాయన. ఆ మాటను ఆమె చాలా రోజులు నెమరేసుకుంది.

అలాంటి చోటికి ఆమె పిన్ని కూతురు కెమిస్టుగా వచ్చి చేరింది.

పిన్ని నర్సు. రెండేళ్ళకోసారి బదిలీ. పిల్ల చదువు పాడవుతోందని ఎనిమిదో ఏట తెచ్చి అక్క ఇంట్లో దింపింది. పిల్ల బక్కపలచగా ఉండి క్షణం నోరు మూసేది కాదు, దాంతో ఇంటిల్లిపాదీ పిచ్చుక అన్నారు. అప్పటికి మసి మేడానికి పద్నాలుగేళ్ళు. ఇద్దరికీ ఒకే గది, ఒకే మంచం, ఒకే దుప్పటి. పిల్లకు జడలు వేసింది ఆమే, ఎక్కాలు ఒప్పజెప్పించుకుంది ఆమే, మూలకాల పట్టికను పాట కట్టి నేర్పిందీ ఆమే. పెద్ద చదువుకు ప్రవేశ పరీక్ష ఆమె రెండుసార్లు రాసింది. రెండుసార్లూ సీటు రాలేదు. ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు, ఎవరూ చదువు మాన్పించలేదు. రాలేదంతే. డిప్లొమా చేసి రిగ్గు దగ్గర ఉద్యోగంలో చేరింది.

ఆరేళ్ళ తర్వాత పిచ్చుక అదే పరీక్ష మొదటిసారే గట్టెక్కింది. ఆ రోజు అందరికంటే ముందు అంగడికి పోయి మిఠాయి తెచ్చింది మసి మేడమే. పొట్లం వంటగట్టు మీద పెట్టి, స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి చాలాసేపు నిలబడింది. ఎందుకో తనకే తెలియదనుకుంది. తెలుసు.

ల్యాబులో చేరిన కొత్తలో పిచ్చుక కనబడిన వాళ్ళందరికీ ఒకటే చెప్పేది. "నాకు కెమిస్ట్రీ నేర్పింది మా అక్కే." చెప్పిన ప్రతిసారీ ఆమె మొహమాటంగా నవ్వేది, నవ్వు కింద ఏదో గుచ్చుకునేది. నేర్పినది కింద రిగ్గు దగ్గర నిలబడి ఉంది, నేర్చుకున్నది పైన గాజు తలుపు గదిలో కూర్చుంది. ఆర్నెల్లు తిరిగేసరికి కాంటీన్లో ఎవరో ఆమెను చూపించి "పిచ్చుక గారి అక్కయ్య" అన్నారు. అప్పటిదాకా ఆమె ఎవరికీ అక్కయ్య కాదు. మసి మేడం.

ఇంట్లో వాళ్ళమ్మ దగ్గరా అదే పాట. పిచ్చుక వస్తే అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేది. కూతురు వస్తే లోపలి నుంచే "వచ్చావా, తలుపు వెయ్యి" అనేది. కూతురు రోజూ వస్తుంది కనక అలా అంటుందని ఆమెకు తెలుసు. తెలిసినా ఒళ్ళు మండేది.

ఒక సాయంత్రం మొగుడితో అంది. "ఏవండీ, ఒకరికి మంచి జరిగితే చూడలేకపోవడం కూడా జబ్బేనా?"

ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే మనిషి. "జబ్బో కాదో తెలీదు గానీ, అద్దాలు మారిస్తే పోదు" అన్నాడు నవ్వుతూ. తర్వాత ఆమె మొహం చూసి, "ఎవరి గురించి?" అని అడిగాడు.

"ఎవరి గురించీ కాదు. ఊరికే."

ఆ ఏడాదే కొత్త ఇంజన్ పని వచ్చిపడింది. పాత ఇంజన్ కంటే ముప్ఫై డిగ్రీలు ఎక్కువ వేడి. వరసపెట్టి ముప్ఫై ఆరు నూనెలు కాచారు. ముప్ఫై ఆరూ మాడాయి. మామూలుగా సీసాల మీద నంబరు తప్ప ఎవరి నూనె అన్నది ఉండదు, మార్కు వేసేవాళ్ళకు తెలియకూడదు. పిచ్చుక నోరు ఆగితే కదా. మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పగానే ఈ సీసాలో ఏం కలిపిందో, ఆ సీసా ఎందుకు చెడిందో అంతా చెప్పేసేది. "నాతో చెప్పకూడదే" అని ఆమె రెండుమూడుసార్లు అంది. "నువ్వు వేరే మనిషివా ఏంటక్కా" అనేది పిచ్చుక.

అలాంటి ఒక మధ్యాహ్నం మసి మేడం ఒక సంగతి చెప్పింది. "నిన్న ముప్ఫై ఆరు పెట్టానా, పంపులో అంతకుముందటి నూనె కొంచెం మిగిలిపోయిందనుకుంటా. సరిగా కడగలేదు. ఆ ప్లేటు మాత్రం పైసగం తెల్లగా వచ్చింది. చిత్రం, రెండూ విడివిడిగా అయితే బొగ్గే. పరీక్ష కొట్టేసి మళ్ళీ పెట్టాననుకో."

పిచ్చుక చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "రెండు మందులూ కలిస్తే ఒకదాన్నొకటి కాపాడుకుంటున్నాయా?" అంటూ లేచిపోయింది. డబ్బా మూత కూడా పెట్టుకోలేదు.

పదిహేను రోజుల తర్వాత మీటింగు జరిగింది. రిగ్గు వాళ్ళు వెనక వరసలో కూర్చున్నారు. పిచ్చుక బోర్డు దగ్గర నిలబడి, ఒకే మందు బదులు రెండు మందులు కలిపే ఆలోచన వివరించింది. ఎలా తట్టిందమ్మా అని పెద్దాయన అడిగాడు. "రిగ్గు కడగడంలో జరిగిన చిన్న పొరపాటు వల్ల తెలిసిందండీ" అంది పిచ్చుక. అక్కను తిట్టించకూడదనే పేరు చెప్పలేదు. ఆ సంగతి మసి మేడానికి చాలా ఏళ్ళ తర్వాత గానీ తోచలేదు. ఆ రోజు ఆమె చెవిన పడింది ఒక్కటే. తను కన్న సంగతి పిచ్చుక ఆలోచన అయింది, తనకు మిగిలింది పొరపాటు. పక్కనున్న మెకానిక్కు మోచేత్తో పొడిచి "మిమ్మల్నే అంటున్నారు మేడం, గిన్నెలు సరిగా తోమాలట" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వి, వెనక వరసలోంచి పిచ్చుక జడ కేసి చూస్తూ కూర్చుంది. ఆ జడ వేయడం నేర్పింది తనే.

పిచ్చుక రెండు మందులు కలిపి కాచిన నలభై ఒకటో నంబరు సీసా ఒక బుధవారం వచ్చింది. ఆరు గంటల తర్వాత ప్లేటు తీసి కడిగింది, తూచింది. ముల్లు సరిగా కదల్లేదేమోనని మళ్ళీ తూచింది. దీపం కింద పెట్టింది. కింది అంచున బంగారు రంగు చార ఒకటి, అంతే. మిగతా ఉక్కంతా ఉక్కులాగే ఉంది. పదిహేడేళ్ళలో ఆ వేడి దగ్గర అంత శుభ్రమైన ప్లేటు ఆమె చూడలేదు. కళ్ళు మూసుకుని వేసినా రెండు.

పెన్ను తీసి నాలుగు అని రాసింది. అంకె గుండ్రంగానే వచ్చింది. ప్లేటును కాగితం కవరులో పెట్టి, నంబరు వేసి, ఉక్కు బీరువాలో మిగతా వాటి పక్కన నిలబెట్టింది.

పెద్దాయన కాగితం పట్టుకుని కిందికి వచ్చాడు. "ఇదేంటమ్మా, బరువు ఇంత తక్కువుంది, మార్కు నాలుగా?"

"పొర పల్చగానే ఉందండీ. కానీ గట్టిపడింది. పెచ్చు లేచే రకం."

"అంతేనంటారా."

"అంతేనండీ."

ఆయన తల పంకించి వెళ్ళిపోయాడు. ప్లేటు చూపించమని అడగలేదు. అడిగితే ఏం చేసేదో ఆమెకు తెలియదు. పిచ్చుక అయితే అసలు కిందికే రాలేదు. మధ్యాహ్నం డబ్బా ముందు కూర్చుని, "నువ్వు చూశావుగా అక్కా, ఇంక తిరుగేముంది" అంది. కళ్ళలో నీళ్ళు నిండాయి. మసి మేడం దాని వీపు నిమిరింది. నిమురుతుంటే చల్లగా, హాయిగా అనిపించింది. ఆ హాయి నాలుగు రోజులుంది.

ఆ తర్వాత జరగాల్సింది జరిగింది. రెండు మందుల దారి మూసేశారు. పని ఎప్పుడూ గళ్ళచొక్కాలో కనబడే ఇంకో కెమిస్టు చేతికి పోయింది, పిచ్చుక అతని కింద సీసాలు కాచింది. నెల, రెండు నెలలు, ఆరు నెలలు గడిచాయి. ఏ నూనే నిలవలేదు. పిచ్చుక నోరు తగ్గిపోయింది, చెంపలు పీక్కుపోయాయి. ఇప్పుడైనా మసి మేడానికి కడుపు చల్లబడాలి కదా, పడలేదు. అమ్మ పిచ్చుకను పక్కన కూర్చోబెట్టుకుని తల నిమురుతుంటే అదీ చూడలేకపోయింది. "అంత కష్టంలో కూడా ఒక్కరిని పల్లెత్తు మాట అనదు, ఏం మనిషో" అని మొగుడు మెచ్చుకుంటే అదీ వినలేకపోయింది. పిచ్చుక గెలిస్తే గెలుపు మీద ఓర్వలేనితనం, ఓడితే ఓటమి మీద. అప్పుడప్పుడూ ల్యాబులో ఎవరూ లేనప్పుడు బీరువా తెరిచి ఆ కవరు తీసి చూసేది. ఎన్నిసార్లు చూసినా రెండే.

ఎనిమిదో నెలలో పిచ్చుక ఒక కాగితం పట్టుకుని రిగ్గు దగ్గరికొచ్చింది.

"అక్కా, ఇది చదివి పెట్టవా? తప్పులుంటే చెప్పు."

తనను ల్యాబు నుంచి తీసేసి కాగితాల విభాగానికి మార్చమని రాసుకున్న అర్జీ అది.

"ఎందుకే?"

"నాకు చేతకాదక్కా ఇది. ఉందనుకున్నాను గానీ లేదు. నేను తోవ తప్పితే చెప్పేదానివి నువ్వొక్కదానివే. నువ్వు కూడా చెప్పేశావుగా మార్కుల్లో."

మసి మేడం ఆ కాగితం రెండుసార్లు చదివింది. తను కోరుకున్నది ఇదే కదా, ఆ గాజు తలుపు గదిలో ఈ పిల్ల లేకుండా పోవడం. కాగితం మీద ఒక్క తప్పు కూడా లేదు.

"ఇది ఇవ్వకు. నలభై ఒకటి మళ్ళీ పెడదాం" అంది.

"అది నాలుగు కదక్కా."

"ఆ వారం దీపం మారింది. వెలుతురు తేడాగా ఉంది. నాకెందుకో అనుమానంగా ఉంది, ప్లేటు మళ్ళీ చూడాలి."

అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు తనకే ఆశ్చర్యం వేసింది. ప్లేటు తీశారు, దీపం కింద పెట్టారు, రెండు అని తేల్చారు. కొత్తగా నూనె కాచి మరో రెండుసార్లు రిగ్గు మీద పెట్టారు. ఒకసారి రెండు, ఒకసారి రెండున్నర. పై అంతస్తు కిందికి దిగి వచ్చింది. పిచ్చుక అందరి ముందూ అక్క మెడ చుట్టూ చేతులేసి, "మా అక్క పట్టుకుని ఉండకపోతే ఇది పోయేది. ఎనిమిది నెలల తర్వాత గుర్తుపెట్టుకుని అనుమానపడింది చూడండి" అంది. చప్పట్లు కొట్టారు. పెద్దాయన ఆమె నిజాయితీ గురించి నాలుగు మాటలు మాట్లాడాడు. ఆ వారమంతా పిచ్చుక కనబడిన వాళ్ళందరికీ అదే చెప్పుకుంటూ తిరిగింది. పెద్దమ్మకు చెప్పింది, ఊళ్ళో ఉన్న తన అమ్మకు ఫోనులో చెప్పింది. జీవితంలో మొదటిసారి అందరూ మసి మేడాన్ని ఆకాశానికెత్తారు. ఆమెకు అన్నం సహించలేదు.

శుక్రవారం మధ్యాహ్నం బీరువా గదిలో ఇద్దరే ఉన్నారు. పిచ్చుక కవర్ల మీద నంబర్లు సరిచూస్తోంది.

"దీపం తేడా ఏం లేదే" అంది మసి మేడం.

"ఏంటక్కా?"

"ఆ రోజు దీపం బాగానే ఉంది. ప్లేటు చూడగానే రెండు అని తెలిసింది. నాలుగు వేశాను."

"పొరపాటున..."

"పొరపాటు కాదు. తెలిసే వేశాను."

పిచ్చుక నవ్వబోయి ఆగింది. "ఎందుకు?"

ఆ మీటింగులో నువ్వన్న మాట వల్ల, అని మొదలుపెట్టాలని ఆమె ఎన్నో రోజులుగా అనుకుంటోంది. నోటిదాకా వచ్చింది. మానేసింది. "నీకు వస్తుంటే చూడలేకపోయాను" అంది.

"నేనేం చేశానక్కా నిన్ను?"

"నువ్వేం చెయ్యలేదు."

"ఎనిమిది నెలలు. నీ దగ్గరే కదా ఏడ్చాను. నువ్వు వీపు నిమిరావు."

"నిమిరాను."

పిచ్చుక చేతిలో కవర్లు బల్ల మీద పెట్టింది. ఒకదాని మీద ఒకటి అంచులు కలిసేలా సర్దింది. సర్ది, బయటికి నడిచి, తలుపు చప్పుడు కాకుండా వేసింది.

మసి మేడం అక్కడి నుంచి నేరుగా మెట్లెక్కి పెద్దాయన గదికి వెళ్ళి అంతా చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదమ్మా."

"తెలుసండీ."

"మరి ఎందుకు చెప్పారు?"

"అది నన్ను మెచ్చుకుంటోందండీ. వినలేకపోయాను."

ఆమెను ఆ పని నుంచి తప్పించి, గాజు సామాను కడిగే గదికీ సీసాల స్టోరుకూ పంపారు. బయటి నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించి, మూడేళ్ళ ప్లేట్లు రెండొందల పైచిలుకు మళ్ళీ చూపించారు. ఆయనకు నెల పట్టింది. అన్నింటిలోనూ ఆమె మార్కుకూ ఆయన మార్కుకూ అర పాయింటు మించి తేడా లేదు. ఒక్క నలభై ఒకటి తప్ప. ఆ కాగితం పెద్దాయన ఆమెకు చూపించాడు. చదివి తిరిగి ఇచ్చేసింది. అన్నీ సరిగా చూసిన కన్ను ఆ ఒక్కటీ సరిగానే చూసిందని అందులో లేదు.

ల్యాబులో ముక్కున వేలేసుకోనివాళ్ళు లేరు. సొంత చెల్లెలి మీద ఇంత కుళ్ళా అని కాంటీన్లో అనుకునేవారు, ఆమె రాగానే మజ్జిగ గురించి మాట్లాడుకునేవారు. అమ్మ మాత్రం ఒక్కటే అంది. "ఇద్దరికీ ఒకే గిన్నెలో కలిపి పెట్టానే." మొగుడు వారంపాటు అద్దాలు తుడుచుకుంటూ గడిపి, చివరికి "అప్పుడు అడిగావు చూడు జబ్బా అని, నాతో సరిగా చెప్పి ఉండాల్సింది" అన్నాడు. "చెబితే ఏం చేసేవారు?" అంది ఆమె. ఆయన మళ్ళీ అద్దాలు తుడుచుకోసాగాడు.

పిచ్చుక నాలుగు నెలలు మాట్లాడలేదు. నూనె తర్వాతి పరీక్షకు, నిజం బేరింగులు తిప్పి చూసే రిగ్గు మీదికి వెళ్ళింది. అక్కడ ఓ కొత్త చిక్కు వచ్చింది. ఎనభై గంటలు తిరిగేసరికి నూనెకు పచ్చటి ఛాయ వస్తోంది, గళ్ళచొక్కా ఆయన మందుల రంగే అంటున్నాడు. ఒక రోజు పిచ్చుక గాజు గొట్టంలో ఆ నూనె పట్టుకుని కడిగే గది గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు.

"ఈ రంగు ఎప్పుడైనా చూశావా?"

మసి మేడం తడి చేతులు తుడుచుకుని గొట్టాన్ని కిటికీకి ఎత్తి పట్టింది. "మందుల రంగు కాదు. బేరింగు గుండ్లను పట్టి ఉంచే పంజరం కంచుది కదా, అందులో రాగి కరుగుతోంది. పన్నెండేళ్ళ కింద ఒకసారి చూశాను. నూనెలో లోహం ఎంతుందో పరీక్ష చేయించు, తేలిపోతుంది."

పిచ్చుక గొట్టం తీసుకుని వెళ్ళిపోయింది. పరీక్షలో రాగే తేలింది. లోహాన్ని కాపాడే మందు చిటికెడు కలిపారు. రిపోర్టులో ఆ ముక్క రాసింది, ఎవరు చెప్పారో రాయలేదు. మసి మేడం ఆ రిపోర్టు స్టోరులో కూర్చుని చదివింది. మళ్ళీ ఆ ఓర్వలేనితనమే లేచింది. లేస్తుందని ముందే అనుకుంది గనక పక్కనున్న సీసాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

నేల మీద బిగించి నడిపే అసలు ఇంజన్లో ఆ నూనె నిలవడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. ఆ లోపు ఆమెను మళ్ళీ దీపం దగ్గరికి రానిచ్చారు, ఈసారి పక్కన రెండో కుర్చీలో ఇంకొకరు ఉండేలా. పిచ్చుక మెల్లగా మాటల్లో పడింది. మొదట అమ్మ మందుల గురించి, తర్వాత వానల గురించి. మధ్యాహ్నం డబ్బా మాత్రం మళ్ళీ ఎప్పుడూ కలిసి విప్పలేదు.

నూనె విమానమెక్కిన ఏడాది ల్యాబు పత్రికలో పిచ్చుక ఫొటో వేశారు. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సెక్కారు. పక్కపక్కన సీటు దొరికింది. పత్రిక పిచ్చుక సంచీలోంచి పైకి కనబడుతోంది.

"చూశావా?" అంది పిచ్చుక.

"చూశాను. బాగా పడ్డావు."

పిచ్చుక మెల్లగా అడిగింది. "ఇప్పటికీ అలాగే ఉంటుందా అక్కా, నీకు?"

లేదని చెప్పడం ఎంతసేపు. ఆమె ముందు సీటు కడ్డీ పట్టుకుని, "ఉంటుందే" అంది. "పొద్దున ఆ ఫొటో చూసినప్పుడు కూడా వచ్చింది. పోతుందనుకున్నాను, పోలేదు."

పిచ్చుక కిటికీలోంచి బయటికి చూసింది. రెండు స్టాపులు గడిచాయి. కండక్టరు వచ్చి టికెట్లు చూసి పోయాడు.

"పెద్దమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా?" అని అడిగింది తర్వాత.

"కొంచెం. ఆదివారం రా, నువ్వే చూద్దువు."

"చూస్తాను, కుదిరితే" అంది పిచ్చుక. తన స్టాపు రాగానే సంచీ సర్దుకుని దిగిపోయింది.